నీళ్ళ కింద ఉన్న ఊరి చరిత్ర ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ఇది: మీ అవ్వ పుట్టిన ఊరు కొల్లాపూర్ తాలూకాలో కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం డ్యామ్ ముంపులో పోయింది. అవ్వకి ఎనభై దాటాయి. ఊరి పేరు గూగుల్‌లో కొడితే ఒక్క ముక్క కూడా రావట్లేదు. ఆ ఊరి చరిత్ర రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

నాది నదికి అవతలి ఒడ్డు, నందికొట్కూరు వైపు. 1981లో మా ఊరు ఖాళీ చేయించినప్పుడు నాకు పదమూడేళ్ళు. తర్వాత సోషల్ టీచర్‌గా చేరాను. వేసవి సెలవుల్లో ముంపు గ్రామాల సమాచారం పోగు చేస్తూ ముప్పై ఏళ్ళు గడిచాయి. నాకు తెలిసింది వివరంగా చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

పోయిన ఊరి చరిత్ర ఏదో ఒక లైబ్రరీలో ఒక పుస్తకంగా దొరుకుతుందని మొదట్లో నేనూ అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే వెతికాను. దొరకలేదు. తిరగ్గా తిరగ్గా అర్థమైన సంగతి ఒకటి ఉంది. ఊరి నుంచి ఎవరు ఏం తీసుకున్నారో, వాళ్ళ దగ్గర ఆ ఊరి లెక్క ఉంటుంది. శిస్తు తీసుకున్న సర్కారు దగ్గర ఒక లెక్క. మాన్యం తీసుకున్న గుడి దగ్గర ఒకటి. కళ్ళంలో గింజలు తీసుకున్న కథకుల దగ్గర ఒకటి. పిండాలు పెట్టించి దక్షిణ తీసుకున్న గయ పండా దగ్గర ఒకటి. ఆఖరికి భూమి మొత్తం తీసుకున్న ప్రాజెక్టు దగ్గర అన్నిటికన్నా పెద్ద లెక్క. ఈ ఐదారు లెక్కల్నీ ఒక చోటికి తెస్తే ఊరు కళ్ళ ముందు నిలబడుతుంది.

కానీ తీసుకోవడానికి ఎవరి దగ్గర ఏమీ లేదో వాళ్ళ పేరు ఏ లెక్కలోనూ ఎక్కలేదు. సెంటు భూమి లేని కూలివాళ్ళు, పుట్టి నడిపిన బెస్తవాళ్ళు, అడవిలోంచి తేనె తెచ్చి ఇచ్చిన చెంచులు, పుట్టింటి ఊరి పేరు తప్ప సొంత పేరు ఎవరికీ గుర్తులేని కోడళ్ళు. వీళ్ళ చరిత్ర మనుషుల నోట్లో మాత్రమే ఉంది. కాగితాలు ఇంకో పదేళ్ళు ఆగుతాయి, అవ్వ ఆగదు. అందుకే మొదలు అవ్వ దగ్గరే.

"అవ్వా, మీ ఊరి చరిత్ర చెప్పు" అని మాత్రం అడగకండి. "ఏముంది బిడ్డా, బంగారం లాంటి ఊరు, నీళ్ళల్ల పోయింది" అని కళ్ళు తుడుచుకుంటుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. చిన్న చిన్న పనుల గురించి అడగండి. తాగే నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్ళు? ఆ బావి ఎవరిది, ఆ బావిలో ఎవరు చేదకూడదు? ఇంటి నుంచి ఏటికి పోయే దారిలో ఎడమ పక్క మొదటి ఇల్లు ఎవరిది? సంతకి ఏ ఊరు పోయేవాళ్ళు, ఏ రోజు? పురుడు పోసింది ఎవరు? బొడ్రాయి ఎక్కడ ఉండేది? ఖాళీ చేసేటప్పుడు దాన్ని తెచ్చారా, వదిలేశారా, కొత్త కాలనీలో ఇంకొకటి వేయించారా? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. ఊరు కదిలినప్పుడు బొడ్రాయిని, గ్రామదేవతని ఏం చేశారన్నది ఏ ప్రభుత్వ కాగితంలోనూ ఉండదు. కానీ ఊళ్ళో వాళ్ళు అప్పుడు దాని గురించే ఎక్కువ కొట్లాడుకున్నారు.

మా అమ్మతో నేను చేసిన పని ఒకటి చెబుతాను. చాట ముందు పెట్టి గుప్పెడు చింతగింజలు ఇచ్చాను. ఒక్కో గింజ ఒక్కో ఇల్లు అనుకుని వరసగా పెట్టమన్నాను. అంతకు ముందు రెండేళ్ళు అడిగినా పది ఇళ్ళకి మించి చెప్పని మనిషి, ఆ రోజు గంటన్నరలో అరవై నాలుగు గింజలు పెట్టింది. మధ్యలో రెండు గింజలు తీసి పక్కన పెట్టి "వీళ్ళు ఖాళీ చేయకముందే బొంబాయి వలస పోయినారు" అంది. ఆ మాట ఏ రికార్డులోనూ దొరకదు. మీ అవ్వకి కూర్చోవడం కష్టమైతే పడుకున్న చోటే ఫోన్ రికార్డర్ పెట్టి మాట్లాడించండి. ఒక్కసారికి అరగంట చాలు. తప్పు చెబుతోందని అనిపించినా మధ్యలో సరిచేయకండి. వీలైతే అదే ఊరి ఇంకో ముసలామెని పక్కన కూర్చోబెట్టండి. వాళ్ళిద్దరూ వాదించుకుంటే మీకు పండగే.

పొలాల పేర్లు విడిగా రాసుకోండి. మఠం చేను, తోపుగడ్డ, దేవర మాన్యం లాంటివి. ఎక్కడైనా "పాటిగడ్డ" అనో "పాటిదిబ్బ" అనో వినిపిస్తే దాని కింద గీత గీయండి. పాత ఊరు కూలి, బూడిద, పేడ, ఎముకలు, పెంకులు కలిసి నల్లగా మారిన మట్టిని పాటిమన్ను అంటారు. రైతులు దాన్ని ఎరువుగా చేలకి తోలుకునేవాళ్ళు. అంటే మీ అవ్వ ఊరికి ముందు అక్కడ ఇంకో ఊరు ఉండి పోయిందన్నమాట. మన దగ్గర శాతవాహనుల కాలపు చోట్లు ఎన్నో ఇలాంటి దిబ్బలుగానే మిగిలాయి.

ఇక కాగితాలు. అందరూ శాసనాల దగ్గర మొదలుపెడతారు. నేనైతే చివరి కాగితం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవమంటాను. చివరి కాగితం అంటే భూసేకరణ అవార్డు, పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు. 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ముందు నాలుగో సెక్షన్ నోటిఫికేషన్, తర్వాత ఆరో సెక్షన్ ప్రకటన, ఆ తర్వాత పదకొండో సెక్షన్ కింద అవార్డు. నోటిఫికేషన్లు గెజిట్‌లో అచ్చయ్యాయి, కాబట్టి పెద్ద లైబ్రరీల్లో దొరుకుతాయి. అవార్డు మాత్రం జిల్లా కలెక్టరేట్ రికార్డు రూమ్‌లో అడగాలి. భూసేకరణ యూనిట్ ఆఫీసులు మూసేశాక వాటి ఫైళ్ళు సాధారణంగా అక్కడికే చేరాయి. నోటితో అడిగితే లేవంటారు. సమాచార హక్కు చట్టం కింద ఊరి పేరు, తాలూకా పేరు రాసి దరఖాస్తు పెట్టండి.

అవార్డు దొరికిందంటే మీ పని సగం అయినట్టే. సర్వే నంబర్ వారీగా భూమి ఎవరిది, ఎంత, మెట్టా తరీయా (మాగాణా), బావి ఉందా, చింతచెట్లు ఎన్ని, మామిడి ఎన్ని, ఇల్లు మట్టి మిద్దెనా రాతి గోడా, గుడి, మసీదు, చావిడి, అన్నిటికీ ధర కట్టి రాశారు. ధర తక్కువ కట్టారు అది వేరే బాధ. ఆ రాసిన చేతులకి తెలియకపోయినా, వాళ్ళు మన ఊరి చివరి ఫోటో తీశారు.

దానికన్నా గొప్పది ఇంకొకటుంది, దాని జోలికి ఎవరూ పోరు. పరిహారం చాలదని పద్దెనిమిదో సెక్షన్ కింద కోర్టుకి వెళ్ళిన రైతులు చాలామంది ఉన్నారు. ఆ కేసుల్లో రైతులు సాక్ష్యం చెప్పారు. ఏ పంట ఎంత పండేది, ఏటి మెరక మీద ఏం వేసేవాళ్ళం, ధాన్యం ఏ ఊరి మార్కెట్‌కి ఎట్లా తోలేవాళ్ళం, బావి ఎన్ని మట్ల లోతు, అన్నీ రైతు నోటి మాటగా రాసుకున్నారు. తీర్పు కాపీలూ, కొన్నిసార్లు వాంగ్మూలాల నకళ్ళూ నిర్వాసితుల ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లో ఇప్పటికీ ఉన్నాయి. అలాగే 1986లో వచ్చిన 98వ నంబరు జీవో మీకు తెలిసే ఉంటుంది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అన్న ఆ జీవో కోసం జనం దశాబ్దాల పాటు తిరిగారు. ఆ దరఖాస్తులతో పాటు జత చేసిన కుటుంబ వివరాలు, ఊరి వారీ జాబితాలు సంఘాల నాయకుల దగ్గర ఉంటాయి. మొత్తం మీద వంద దాకా ఊళ్ళు, లక్షకు పైగా జనం చెల్లాచెదురైన చోట, ఎవరు ఎక్కడికి చేరారో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

అవార్డులో సర్వే నంబర్లు దొరికాక ఇంకో మెట్టు వెనక్కి వెళ్ళండి. మీ ఊరు నిజాం రాజ్యంలోది కాబట్టి మీకు కావలసినవి సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, గ్రామ నక్షా (ఊరి మ్యాపు). సేత్వార్ అంటే మొదటి సర్వే అయ్యాక భూమిని ఎవరి పేర రాశారో చెప్పే రిజిస్టర్. చాలా చోట్ల ఉర్దూలో ఉంటుంది. భయపడకండి, దాని గళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, పాత రికార్డులు చదివి చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరుతో పాటు నిజంగా సాగు చేస్తున్నవాడి పేరు కూడా రాశారు. ఆ రెండు గళ్ళకీ మధ్య తేడా చూస్తే ఊళ్ళో ఎవరి చేతిలో ఏముందో చాలా తెలుస్తుంది. మా ఒడ్డున, అంటే ఆంధ్ర వైపు, ఇవే పనులకి డైగ్లాట్ (సర్వే నాటి భూమి రిజిస్టర్), అడంగల్ (ఏటేటా సాగు లెక్క), ఎఫ్‌ఎంబి (పొలాల కొలతల పుస్తకం) అని అడగాలి.

రెవెన్యూ జాబితాల్లో ఒక మాట మీకు తగులుతుంది: బేచిరాక్. మనుషులు ఉండని గ్రామాన్ని అలా రాస్తారు. ఫారసీలో చిరాగ్ అంటే దీపం, బే అంటే లేని. దీపం లేని ఊరు. పొలాలు ఉంటాయి, సర్వే నంబర్లు ఉంటాయి, శిస్తు వసూలవుతుంది, కానీ రాత్రి దీపం వెలగదు. గత్తర (కలరా) వచ్చో, దోపిడీలకి భయపడో, కరువుకో ఎప్పుడో ఖాళీ అయిన ఊళ్ళు రెవెన్యూ లెక్కల్లో మాత్రం ఇలా బతికే ఉన్నాయి. మీ అవ్వ ఊరికి పక్కన బేచిరాక్ గ్రామం ఒకటి కనిపిస్తే, అవ్వ చెప్పే "పాత ఊరు" అదే కావచ్చు.

మీ ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. అది సురభి వంశపు జటప్రోలు సంస్థానం, తర్వాత కొల్లాపూర్ సంస్థానం అని పిలిచేవాళ్ళు. 1949లో జాగీర్లు రద్దయ్యే దాకా అక్కడ శిస్తు సంస్థానానికే కట్టారు. కాబట్టి పాత లెక్కలు కొంత సంస్థానానివి, కొంత హైదరాబాద్ రాజ్యానివి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఫారసీ, ఉర్దూ రికార్డులు ఉన్నాయి. ముందు పేరు రాసి, ఏ తాలూకా, ఏ కాలం అని స్పష్టంగా అడిగితేనే అక్కడ పని జరుగుతుంది. ఊరికే "మా ఊరి గురించి ఏమన్నా ఉందా" అంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు.

ఊళ్ళో పట్వారీగా, మాలీ పటేల్‌గా, పోలీసు పటేల్‌గా చేసిన కుటుంబాలు ఎవరో కనుక్కోండి. 1984లో ఆ పదవులు రద్దయ్యాక ఆఫీసుకి ఇవ్వని కట్టలు చాలా ఇళ్ళల్లో అటకల మీద ఉండిపోయాయి. ఈ విషయంలో నేను చేసిన పొరపాటు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. మా వైపు ఒక ముసలి కరణం గారు, పునరావాస కాలనీలో ఉండేవారు, మూడు ఊళ్ళ పాత కట్టలు తన దగ్గర ఉన్నాయని చెప్పి ఉగాది పోయాక రమ్మన్నారు. నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని పడి జూన్‌లో వెళ్ళాను. ఆయన పోయి అప్పటికి నలభై రోజులు. ఇల్లు సర్దుతూ కట్టలన్నీ పాత పేపర్ల బండికి వేసేశారు. కిలోల లెక్కన. ఎవరైనా రమ్మంటే ఆ వారంలోనే వెళ్ళండి, ఫోన్‌తో ప్రతి పేజీ ఫోటో తీసుకోండి, కాగితాలు వాళ్ళవి వాళ్ళకే ఇచ్చేయండి.

జనాభా లెక్కల పుస్తకాలు తేలిగ్గా దొరుకుతాయి. 1951, 1961, 1971 జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లలో ప్రతి ఊరికీ ఒక వరస ఉంటుంది: విస్తీర్ణం, ఇళ్ళు, జనం, చదువుకున్నవాళ్ళు. అంకెలు పొడిగా ఉంటాయి, కానీ ఊరు ఉండేదని గట్టిగా చెప్పే సాక్ష్యం అది. 1961 సెన్సస్ వాళ్ళు దీనికి తోడు జాతరలు, పండగల మీద జిల్లా వారీగా సంపుటాలు వేశారు. చెప్పుకోదగ్గ జాతర జరిగే ఊరైతే అందులో ఊళ్ళో ఏ కులాల వాళ్ళు ఉన్నారు, ఏ దేవుడు, దేవుడి కథ ఏమిటి, జాతరకి ఎవరు వస్తారు, పూజారి ఎవరు అన్నది ఒక పేరా ఉంటుంది. ఆ సమాచారం చాలాసార్లు ఊరి పంతులు గారో, కరణమో రాసి పంపిందే. డ్యామ్ శంకుస్థాపన 1963లో జరిగింది. అంటే ముంపు నీడ ఇంకా పడకముందు ఊరు తన గురించి తాను చెప్పుకున్న మాటలు అవి. సెన్సస్ శాఖ వెబ్‌సైట్‌లో స్కాన్ చేసి పెట్టారు.

మెకంజీ కైఫియత్తులు చూడమని మీకు చాలామంది చెప్పే ఉంటారు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ళ కింద పనిచేసినవాళ్ళు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న ఊరి వృత్తాంతాలవి. దత్తమండలాల (నిజాం ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేసిన రాయలసీమ) వాళ్ళకీ, కోస్తా వాళ్ళకీ అది బంగారు గని. కడప జిల్లా కైఫియత్తులు అచ్చులో కూడా ఉన్నాయి. మీ ఊరు నిజాం ఇలాకా కాబట్టి అందులో దొరికే అవకాశం తక్కువ. మా నందికొట్కూరు వైపు కూడా 1839 దాకా కర్నూలు నవాబు చేతిలోనే ఉంది. మాకు 1886లో నరహరి గోపాలకృష్ణమ శెట్టి గారు రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్ ఎక్కువ ఉపయోగపడింది. ఏనుగుల వీరాస్వామి గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి పోతూ శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, హైదరాబాద్ వైపు నడిచారు. ఆయన యాత్రాచరిత్రలో ఆ దారిలోని మజిలీ ఊళ్ళ వివరాలు ఉన్నాయి, ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన భాగం చెబుతాను. ప్రతి కులానికీ ఆ కులాన్ని ఆశ్రయించి, వాళ్ళ పుట్టుక కథ, వంశాల పేర్లు చెప్పే కథకులు ఉన్నారు. రెడ్లు, కాపుల ఇళ్ళకి పిచ్చుకగుంట్లవాళ్ళు. మాదిగలకి డక్కలివాళ్ళు. గొల్లలకి మందెచ్చులవాళ్ళు. పద్మశాలీలకి కూనపులివాళ్ళు. ముదిరాజులకి కాకిపడిగెలవాళ్ళు. ఏ ఊళ్ళు ఏ కథకుల కుటుంబానివో వాళ్ళలో వాళ్ళకి పంపకం ఉంటుంది. ఆ హక్కుని మిరాశీ అంటారు. అన్నదమ్ములు విడిపోతే పొలం పంచుకున్నట్టే ఊళ్ళు పంచుకుంటారు. కాబట్టి మీ అవ్వ ఊరు ఏ కుటుంబం వాటాలో ఉండేదో వాళ్ళకి ఇప్పటికీ తెలుసు. ఊరు మునిగాక కూడా కొన్ని కుటుంబాలు జనాన్ని వెతుక్కుంటూ కాలనీలకి వచ్చి తమ కట్నం తాము అడిగాయి. ఒకసారి నేను కలిసిన పిచ్చుకగుంట్ల పెద్దాయన, మా ఊళ్ళో ఒక ఇంటిపేరు వాళ్ళవి ఏడు తరాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అందులో చివరి మూడు తరాలు రెవెన్యూ రికార్డుతో అచ్చం సరిపోయాయి. పై నాలుగు తరాలు నిజమని నేను రుజువు చేయలేను. కానీ కింద మూడు సరిపోయాక ఆయన్ని తేలిగ్గా తీసేయలేం. వెళ్ళేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళకండి. వాళ్ళకి ఆ కథే ఆస్తి, దానికి కట్నం ఇవ్వడం న్యాయం.

గుళ్ళు, శాసనాల సంగతి. శ్రీశైలం ముంపులో ఉన్న పాత గుళ్ళు కొన్నిటిని రాయి రాయికీ నంబర్ వేసి విప్పి ఎగువకి తెచ్చి మళ్ళీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇప్పుడు అలంపూర్‌లో ఉంది. పాపనాశి గుళ్ళు కూడా అలంపూర్ పక్కనే. మీ వైపు సోమశిల, జటప్రోలు గుళ్ళు ఇలా కదిలినవే. రూపాల సంగమేశ్వరం కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీదికి వచ్చింది. గుడి కదిలినప్పుడు దాని రాళ్ళ మీది శాసనాలూ వెంట వచ్చాయి. మీ అవ్వ ఊరికి దగ్గర్లోని గుడి ఏదైతే అక్కడికి వెళ్ళండి. 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి వేసిన తెలంగాణా శాసనములు చూడండి, పురావస్తు శాఖ శాసనాల వార్షిక నివేదికల్లో తాలూకా పేరుతో వెతకండి. శాసనంలో మీ ఊరు ఇప్పటి పేరుతో ఉండకపోవచ్చు. పొలిమేరలు చెప్పే వరసలు జాగ్రత్తగా చదవండి, చెరువు పేరో పక్క ఊరి పేరో పట్టిస్తుంది. ఒకే పేరుతో నాలుగైదు ఊళ్ళుండటం మనకి మామూలే. అందుకని పక్క ఊళ్ళలో రెండు కూడా సరిపోతే తప్ప ఇది మా ఊరే అని రాయకండి. స్థలపురాణం కూడా రాసుకోండి, అది ఊరివాళ్ళు తమని తాము ఎలా చూసుకున్నారో చెబుతుంది. రాజుల కాలం లెక్క కట్టడానికి మాత్రం దాన్ని వాడకండి.

ఇక్కడ నాగార్జునకొండ గురించి చెప్పకుండా ఉండలేను. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్కూలు మాస్టారు అక్కడ పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. అలా బయటపడింది మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1955 డిసెంబర్ 10న సాగర్ డ్యామ్‌కి నెహ్రూ పునాదిరాయి వేశారు. లోయ మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయ మొత్తం తవ్వారు. దొరికినవి కొండ మీదికీ, అనుపుకీ తెచ్చి మళ్ళీ కట్టారు. ఆ పని చాలా గొప్పది. రాజు చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి ఏమిచ్చిందో, బోధిసిరి అనే ఉపాసిక ఎక్కడెక్కడ ఏం కట్టించిందో పదిహేడు వందల ఏళ్ళ తర్వాత మనకి తెలుసు. కానీ అదే లోయలో 1955లో పుల్లారెడ్డిగూడెం అని ఒక ఊరు ఉంది. అందులో మనుషులు వండుకుని తింటున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. తవ్వకాల పుస్తకాల్లో ఆ పేరు ఎక్కువగా ఫలానా చైత్యం దొరికిన చోటు గుర్తుగానే వస్తుంది. ఆ ఊరివాళ్ళ గురించి వెతికితే దొరికేది చాలా తక్కువ. నేను స్కూలు పిల్లల్ని మ్యూజియంకి తీసుకెళ్ళిన ప్రతిసారీ ఈ సంగతి చెప్పాను. మీరు రాయబోయే పుస్తకంలో శాసనానికి రెండు పేజీలు ఇస్తే, పుట్టి నడిపినవాడికి కనీసం ఒక పేజీ ఇవ్వండి.

ఇదే పద్ధతి ఓడరేవు ఊళ్ళకీ పనికొస్తుందా అని ఇంకొకరు అడిగారు. పనికొస్తుంది, లెక్క ఎవరి దగ్గర ఉందన్నదే మారుతుంది. బాపట్ల దగ్గర మోటుపల్లి ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయశాసనంలో గాలివానకి ఒడ్డున పడ్డ ఓడల సరుకు లాక్కునేది లేదని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని ఉంది. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు అంటూ సరుకుల పేర్లు ఉన్నాయి. సుంకం తీసుకున్నవాడి లెక్క కాబట్టే ఆ వివరం మిగిలింది. కోరంగి 1839 ఉప్పెనలో దెబ్బతిని మళ్ళీ పాత స్థితికి రాలేదు. కానీ బర్మాలో తెలుగువాళ్ళందరినీ కొరంగీలనే పిలిచారు. ఊరి పేరు ఓడెక్కి జాతి పేరైంది. ఆ బర్మా తెలుగువాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళ కథ వెతకాలంటే విశాఖలో బర్మా క్యాంప్ వైపు వెళ్ళాలి.

మ్యాపుల విషయం త్వరగా చెబుతాను. సర్వే ఆఫ్ ఇండియా మైలుకి అంగుళం లెక్కన గీసిన పాత మ్యాపుల్లో మీ ప్రాంతం 56 ఎల్ షీటు కిందకి వస్తుంది. 1950ల నాటి అమెరికా సైన్యం మ్యాపులు, రెండున్నర లక్షల స్కేలువి, టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డ్యామ్ కట్టకముందు కృష్ణ పారిన అసలు దారి వాటిలో కనిపిస్తుంది. అమెరికా వాళ్ళ పాత గూఢచార ఉపగ్రహం కరోనా తీసిన ఫోటోలు 1960 నుంచి 1972 దాకావి ఇప్పుడు అందరికీ తెరిచారు. యూఎస్‌జీఎస్ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతకండి. మీ చోటుకి మంచి ఫ్రేమ్ దొరికితే ఇళ్ళ గుంపు, చెరువుకట్ట, బండిబాట గుర్తుపట్టవచ్చు. నేను మా ఊరిని అలా మొదటిసారి పైనుంచి చూసిన రోజు రాత్రి నిద్రపోలేదు.

చోటు తెలిశాక వేసవిలో వెళ్ళండి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. ఏప్రిల్, మే నెలల్లో బాగా తగ్గిన ఏడు ఎన్నో ఊళ్ళ ఆనవాళ్ళు బయటపడతాయి. మా వైపు సంగమేశ్వరం గుడి అలాగే నీళ్ళు తగ్గినప్పుడు తేలుతుంది, వేపమొద్దు శివలింగానికి మళ్ళీ పూజలు మొదలవుతాయి. రిజర్వాయర్ మట్టం రోజూ పేపర్లో వస్తుంది, చూసుకుని బయలుదేరండి. ఒండ్రు మట్టి పైన గట్టిగా కనిపించి లోపల దిగబడుతుంది, కాబట్టి ఆ చోటు తెలిసిన జాలరిని వెంటబెట్టుకోండి. ఏ రాయీ, పెంకూ, నాణెమూ తీసుకురాకండి. ఫోటో, ఫోన్‌లో లొకేషన్, కొలత చాలు. ఏదైనా విలువైనది కనిపిస్తే జిల్లా కలెక్టర్‌కి తెలియజేయండి, 1878 నాటి నిధుల చట్టం అలాగే చెబుతుంది. గుప్తనిధుల పిచ్చితో మా వైపు నందుల్ని పగలగొట్టిన చోట్లు కళ్ళారా చూశాను. మీరు తవ్వడానికి వచ్చారన్న అనుమానం ఊళ్ళో ఒక్కరికి కలిగినా తర్వాత ఎవరూ నోరు విప్పరు.

రాసినదాన్ని మూడు నాలుగు చోట్ల ఉంచండి. కాలనీ స్కూల్లో ఒక ప్రింటు, జిల్లా గ్రంథాలయంలో ఒకటి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక కాపీ. మాట్లాడినవాళ్ళని అడిగి వాళ్ళు సరేనంటేనే పేరు వేయండి. ఊళ్ళో పాత గొడవలు, ఎవరి బావి ఎవరు తాకకూడదన్న మాటలు రాస్తే కొందరికి కోపం వస్తుంది. ఆ సంగతులు తీసేయకండి, మనుషుల పేర్లు మాత్రం తీసేయండి.

అవ్వ ఆరోగ్యం బాగుంటే ఈ వేసవికి ఆమెని కూడా తీసుకెళ్ళండి. 2003లో నీళ్ళు బాగా తగ్గినప్పుడు మా అమ్మని తీసుకెళ్ళాను. మొత్తం ఒండ్రు, పగుళ్ళు, ఎటు చూసినా ఒకేలా ఉంది. నాకేమీ తెలియలేదు. ఆమె కాసేపు ఏటి వైపు చూసి, ఎండలోనే గబగబా ఓ నలభై అడుగులు నడిచి, కాలితో మట్టి పక్కకి తోసింది. కింద మా రోలు ఉంది. మోయలేక వదిలేసి వచ్చిన రోలు. ఆమె దాని పక్కనే కూర్చుని, కుడి చేతి వైపు చూపిస్తూ ఒక్కో ఇంటి పేరూ చెప్పడం మొదలుపెట్టింది. చాటలో పెట్టిన అరవై నాలుగు గింజలకి ఆ రోజు ఇంకో పదకొండు చేరాయి.